మన నడుమనున్న సిద్దీలు

హైదరాబాదు వెళ్ళినప్పుడు మనలో పలువురము ఏ.సి. గార్డ్స్ మీదుగా ప్రయాణము చేసియుందుము. ఆ పేరు ఎట్లు వచ్చినదని ఎన్నడైనను అడిగితిమా? అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అను అశ్వదళము నివసించిన స్థలము. వనపర్తి సంస్థానమునుండి నైజాము కొలువులోనికి వచ్చిన ఆఫ్రికా సంతతి సైనికులతో ఆ దళము ఏర్పడినది. 1948లో హైదరాబాదు భారతదేశములో కలిసిన తరువాత దళము రద్దయినది. పేరు నిలిచినది, మనుష్యులను మరచితిమి.

వీరినే సిద్దీలనియు, హబ్షీలనియు అందురు. వీరి పూర్వికులు ఆఫ్రికా తూర్పు ప్రాంతములనుండి వచ్చిరి. కొందరు నావికులుగాను, సైనికులుగాను వచ్చిరి. అనేకులు బానిసలుగా అమ్మబడిరి. ఇథియోపియాలో పుట్టి బానిసగా దక్కనుకు చేరిన మాలిక్ అంబర్ అహమ్మద్‌నగర్ రాజ్యమునకు ప్రధానియై, మొగలు సేనలను ఎదిరించి, 1626లో మరణించెను. తరువాత ఔరంగాబాదుగా ప్రసిద్ధమైన నగరమునకు పునాది వేసినవాడు ఆయనయే.

పోర్చుగీసువారు గోవాకు తెచ్చిన బానిసలలో కొందరు తప్పించుకొని పడమటి కనుమల అడవులలో దాగిరి. నేడు కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, యల్లాపురము, హళియాళ ప్రాంతములలో సిద్దీలు ఎక్కువగా నివసించుచున్నారు. వారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ముగ్గురును కలరు. అయినను తాము ఒకే జాతివారమని ఎంచుకొందురు. కొంకణి, కన్నడము మాటలాడుదురు. గోవాలో వారిని కొని బానిసలుగా ఉంచినవారిలో క్రైస్తవులును ఉండిరి. ఈ మాట దాచుట మనకు తగదు.

సిద్దీల మూలము ముఖ్యముగా తూర్పు ఆఫ్రికాలోని బంటు భాషా జాతులదని 2011లో వెలువడిన జన్యు పరిశోధన తెలిపినది. 2003లో ఉత్తర కన్నడలోని సిద్దీలు షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందిరి. 2020లో శాంతారామ సిద్ది కర్ణాటక విధానపరిషత్తుకు నామినేటు చేయబడి, ఆ సభలో ప్రవేశించిన మొదటి సిద్దీ అయిరి.

ఇన్ని తరములు గడచినను, వారి ముఖము చూచి “మీది ఏ దేశము?” అని అడుగువారు ఇంకను కలరు. ప్రియ సంఘస్థులారా, “మీది ఏ దేశపు మతము?” అను ప్రశ్న మనమును వినియున్నాము. ఆ మాట ఎట్లు గుచ్చుకొనునో మనకు తెలియును. కాబట్టి సిద్దీ సహోదరుడు మనకు ఎదురైనప్పుడు ఆ ప్రశ్న మన నోటినుండి రాకుండునుగాక. ఆయన ఊరి పేరడుగుదము. అది మన దేశములోని ఊరే.