పుడ్డింగులో పడ్డ పంచదార ఎవరిది?

నవంబరు మూడో వారం దాటేసరికి ఈ దేశంలో వంటగదుల్లో ఒక వాసన మొదలవుతుంది. ఎండుద్రాక్ష, దాల్చినచెక్క, జాజికాయ, ముదురు రంగు పంచదార, పైన కాస్త రమ్ము. క్రిస్మస్ పుడ్డింగ్ కలిపే రోజులన్నమాట. బ్రిటన్‌లో కేర్ హోముల్లో, హోటళ్లలో, స్కూలు కిచెన్లలో పనిచేసే మనవాళ్లకి ఈ వాసన చెప్పక్కర్లేదు. డిసెంబరు అయిపోయేదాకా యూనిఫారానికి పట్టుకునే ఉంటుంది.

మా కిచెన్లో ఐదుగురం తెలుగువాళ్లం. అందరిదీ గోదావరి వైపే. పోయినేడాది పెద్ద గిన్నెలో పిండి కలుపుతుంటే మా పెద్ద వంటాయన పక్కన నిలబడి, "ఇది మాత్రం అచ్చంగా ఇంగ్లీషు వంట. ఇందులో బయటిది ఏమీ లేదు" అన్నాడు. ఆయన మంచాయనే, గర్వంగా అన్నమాట తప్ప వంకరగా అన్నది కాదు. మేం కూడా తలూపాం. కానీ మాలో ఒకడు ఖాళీ పాకెట్లు చెత్తలో వేస్తూ ఆగిపోయాడు. పంచదార పాకెట్ మీద 'డెమెరారా' అని ఉంది. "ఇదెక్కడుందిరా?" అన్నాడు. ఎవరికీ తెలీదు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని టీ బ్రేకుల్లో, రాత్రి షిఫ్టులయ్యాక చదివాం. చదివిందంతా ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపిక చేసుకుని చదవండి.

ముందు పుడ్డింగ్ సంగతి. ఇప్పుడు మనం చూసే నల్లటి గుండ్రటి తీపి వంటకం మొదట్లో తీపి వంటకమే కాదు. మధ్యయుగాల్లో అది మాంసం ఉడికిన రసంలో ఎండుద్రాక్ష, మసాలా దినుసులు వేసి కాచిన చిక్కటి జావ. తర్వాత గుడ్డలో మూటకట్టి ఉడకబెట్టడం అలవాటయ్యాక జావ కాస్తా ముద్ద అయింది. మెల్లగా మాంసం పోయి కొవ్వు మాత్రం మిగిలింది. సూయెట్ అనే ఆ ఆవు కొవ్వు ఇవాళ్టికీ పాత పద్ధతి పుడ్డింగులో పడుతుంది. ఆ కారణంగానే మాలో ఇద్దరు కలుపుతారు గానీ తినరు. 'ప్లమ్ పుడ్డింగ్' అంటారు కదా, అందులో ప్లమ్ పండ్లు ఉండవు. అప్పట్లో ఎండుద్రాక్షనే ప్లమ్ అనేవాళ్లు.

ఇంతమంది ఇష్టపడే ఈ పండగని ఒకప్పుడు ఇంగ్లండ్ పార్లమెంటే రద్దు చేసిందంటే నమ్మబుద్ధి కాలేదు. 1647లో ప్యూరిటన్ల చేతిలో అధికారం ఉన్నప్పుడు క్రిస్మస్, ఈస్టర్ పండగలు జరపకూడదని శాసనం చేశారు. ఆ డిసెంబరు 25న కాంటర్‌బరీ ఊళ్లో దుకాణాలు తెరవాల్సిందేనని మేయరు పట్టుబడితే జనం తిరగబడ్డారు. 1660లో రాజు తిరిగొచ్చాక పండగా తిరిగొచ్చింది. అంటే ఈ దేశంలో కూడా ఆచారం అనాదిగా కదలకుండా కూర్చున్నది కాదు. పోయింది, వచ్చింది, మారింది.

ఇక అసలు విషయం. ఈ వంటకానికి 'క్రిస్మస్ పుడ్డింగ్' అన్న పేరు పుస్తకంలో స్థిరపడింది 1845లో అంటారు. ఎలైజా ఆక్టన్ అనే ఆవిడ మామూలు ఇళ్ల కోసం రాసిన వంటల పుస్తకంలో తన సొంత క్రిస్మస్ పుడ్డింగ్ అని ఒకటి ఇచ్చింది. ఆవిడ కవయిత్రి కూడా. వంట చెప్పాక చివర్లో దినుసులు, కొలతలు, ఉడకాల్సిన సమయం విడిగా రాసింది. అప్పటిదాకా "సరిపడా వేసి, తగినంత సేపు ఉడికించాలి" అన్నట్టుండే వంటకి ఒక లెక్క వచ్చింది. అందులో పంచదార ఐదు ఔన్సులు, మన లెక్కలో 140 గ్రాములు. దానికి రెండేళ్ల ముందే, 1843లో, డికెన్స్ 'ఎ క్రిస్మస్ కారల్' వచ్చింది. అందులో ఒక పేద గుమాస్తా ఇంట్లో బట్టలు ఉడకేసే రాగి కాగులో పుడ్డింగ్ ఉడుకుతుంది. 1861లో బీటన్ గారి గృహ నిర్వహణ పుస్తకం వచ్చి మొదటి ఏడాదిలోనే 60,000 ప్రతులు అమ్ముడుపోయింది. వేరేవాళ్ల వంటలు, ఆక్టన్‌వి కూడా, ఆవిడ చాలానే ఎత్తి రాసుకుంది. పాపం 28 ఏళ్లకే పోయింది. పుస్తకం మాత్రం ఇంటింటికీ వెళ్లింది. అలా ఇరవై ఏళ్లలోపు గుమాస్తా ఇంటి నుంచి దొరల ఇంటి దాకా పండగ రోజు బల్ల మీద ఒకే వంటకం అన్నంత పేరొచ్చింది.

ఆ తేదీలని ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాం. పక్కన ఇంకో వరస రాశాక కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ రెండో వరస పంచదారది.

బ్రిటిష్ సామ్రాజ్యంలో చెరకు తోటలు నడిచింది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసల చాకిరీతో. 1833లో పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేసింది, 1834లో అమల్లోకి వచ్చింది. బానిసలకు స్వేచ్ఛ వచ్చినా చెరకు నరికేవాళ్లు కావాలి కదా. దొరల చూపు ఇండియా మీద పడింది. 1834 నవంబరులో 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి ఒప్పంద కూలీలతో మారిషస్ చేరింది. 1838లో 'విట్బీ', 'హెస్పరస్' ఓడలు బ్రిటిష్ గయానా చేరాయి. ఆ గయానాలోనే ఉంది డెమెరారా. అది ఒక నది పేరు, దాని ఒడ్డునున్న చెరకు సీమ పేరు. మా కిచెన్లో చెత్తబుట్ట దగ్గర పుట్టిన ప్రశ్నకి జవాబు ఇదే. 1860లో 'ట్రూరో' ఓడ మద్రాసు నుంచి బయల్దేరి నవంబరు 16న డర్బన్‌లో దిగింది. అక్కడా పని చెరకు తోటల్లోనే. ఆ మద్రాసు ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు.

మారిషస్ కథ మాకు ఇంకా దగ్గరగా తగిలింది. అక్కడి తెలుగువాళ్లకి పాతకాలంలో పడ్డ పేరు 'కోరంగి'. గోదావరి కలిసే చోట, కాకినాడ పక్కన, ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి వెళ్లే కోరంగే అది. మాలో ఇద్దరి ఊళ్లు అక్కడికి సైకిల్ మీద పోయేంత దూరం. చిన్నప్పుడు పిక్నిక్‌కి వెళ్లినప్పుడు అది ఒకనాటి పెద్ద రేవు అని ఎవరో చెప్పారు గానీ, అక్కడ ఎక్కినవాళ్లు ఎక్కడికి వెళ్లారో చెప్పలేదు. 1843లో ఆ రేవు నుంచి ఓడ మారిషస్ వెళ్లిందని అక్కడి మనవాళ్లు చెప్పుకుంటారు.

ఆ రోజులు ఎలాంటివో ఒకసారి చూడండి. 1832-33లో గుంటూరు సీమని ఊడ్చేసిన నందన కరువు. 1839 నవంబరులో కోరంగిని ముంచేసిన ఉప్పెన. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైందే 1847లో, పూర్తయింది 1852లో. అంటే మనం ఇవాళ గోదావరి అంటే అనుకునే పచ్చదనం అప్పటికి లేదు. ఐదేళ్ల ఒప్పందం, బొటనవేలి ముద్ర, కూలీలను పోగుచేసే దళారి చెప్పిన తీపి మాటలు. మా ఏజెంటు మాకు చెప్పిన మాటలు గుర్తొచ్చి నవ్వుకున్నాం, మాకు కనీసం చదివి సంతకం పెట్టే వీలుంది.

అంకెలు కూడా చెప్పాలి. మారిషస్‌కి దాదాపు నాలుగున్నర లక్షల మంది, గయానాకి 2,38,000 మందికి పైగా, నటాల్‌కి 1,52,000 మంది. వీళ్లంతా తెలుగువాళ్లు కారు, ఎక్కువమంది బీహార్, ఉత్తరప్రదేశ్ వైపు వాళ్లు. కానీ అందులో మనవాళ్లు ఉన్నారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆక్టన్ పుస్తకం చూసి ఎవరో వేసిన ఐదు ఔన్సుల పంచదార ఫలానా కోరంగివాడు నరికిన చెరకుదే అని ఎవరూ చెప్పలేరు. రిఫైనరీలో పడ్డాక అన్ని దేశాల పంచదారా ఒకటే. పైగా 19వ శతాబ్దం చివరికి యూరప్ బీట్ దుంప పంచదార వచ్చి ఇక్కడి బజారుని ముంచేసింది. కానీ క్రిస్మస్ పుడ్డింగ్ పేరు తెచ్చుకున్న ఆ ఏళ్లలో మారిషస్ పంచదార బ్రిటన్‌కి బాగానే వచ్చేది. 1825లోనే దాని మీద సుంకాన్ని వెస్టిండీస్ పంచదారతో సమానం చేశారు. 1874లో పంచదార మీద సుంకమే ఎత్తేశారు. పేదవాడి ఇంట్లో కూడా పండగకి తీపి వచ్చింది. ఆ తీపి చవగ్గా రావడానికి ఎక్కడో ఎవరి కూలో చవగ్గా ఉంది.

ఈ సంగతి దాచిపెట్టిందేమీ కాదు, వాళ్లే గొప్పగా చాటుకున్నారు కూడా. 1926లో ఎంపైర్ మార్కెటింగ్ బోర్డు అని ఒకటి పెట్టారు. సామ్రాజ్యంలో పండిన సరుకే కొనండి అని ప్రచారం చేయడం దాని పని. 1927లో ఐదో జార్జి రాజు గారి వంటవాడు ఆన్రీ సెదార్ దగ్గర పుడ్డింగ్ రెసిపీ తీసుకుని దేశమంతా పంచారు. పేరు చూస్తే ఆయన ఫ్రెంచివాడు, గమనించండి. అందులో 17 దినుసులు. ఒక్కోదాని పక్కన ఒక్కో దేశం పేరు. ఎండుద్రాక్ష ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలది. లవంగం జాంజిబార్‌ది. పంచదార వెస్టిండీస్, గయానా వైపుది. మసాలా దినుసుల దగ్గర మన ఇండియా పేరు. గ్రీసు, టర్కీ ఎండుద్రాక్షని పక్కకి నెట్టి ఆస్ట్రేలియాది అమ్మాలన్నది అందులో ఉన్న వ్యాపారం.

ఆ జాబితా మేం రెండు మూడు సార్లు చదివాం. దేశాలన్నీ ఉన్నాయి. మనుషులు లేరు. లవంగం జాంజిబార్‌ది అంటే కోసింది ఎవరు? చెరకు గయానాది అంటే నరికింది ఎవరు? నేల పేరు రాశారు, చెయ్యి పేరు రాయలేదు. కూలీల ఓడలు ఆగిపోయి అప్పటికి పదేళ్లే అయింది.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940 జనవరి నుంచి 1954 జులై దాకా ఈ దేశంలో తిండికి రేషన్. ఓడలు రాకపోతే ఎండుద్రాక్ష లేదు, పంచదార లేదు. తీపి కోసం క్యారెట్ తురుము వేసి పుడ్డింగ్ చేసుకోమని ఆహార శాఖే వంటలు అచ్చువేసి పంచింది. ఈ ఒక్క ముక్క చాలు, 'బయటిది ఏమీ లేదు' అన్న మాటకి జవాబు. బయటిది ఆగిపోయినప్పుడు మిగిలింది క్యారెట్టూ, రొట్టెపొడీ.

ఇదంతా చదివి మా వంటాయన దగ్గరికి యుద్ధానికి వెళ్లినట్టు వెళ్దామనుకున్నాం. కానీ అంతకుముందు మాకు మేమే ఒక ప్రశ్న వేసుకోవాల్సి వచ్చింది. ఇంకో మూడు వారాల్లో మన సంక్రాంతి. ఇళ్ల నుంచి అరిసెల డబ్బాలు వస్తాయి. పుడ్డింగుకీ అరిసెకీ ఒక పోలిక ఉంది, రెండూ చలికాలం వంటలే, రెండూ వారాల తరబడి నిలవుంటాయి, రెండూ దూరాన ఉన్న పిల్లలకి పంపడానికి వీలైనవి. మా క్రైస్తవుల ఇళ్లలో అయితే క్రిస్మస్‌కే అరిసెలు, కజ్జికాయలు వండేస్తారు. మాలో ఒకరి అమ్మ ఏటా డిసెంబరు 20కల్లా డబ్బా కట్టేస్తుంది. పుడ్డింగ్ వాళ్ల ఊరి చర్చి దాకా ఎప్పుడూ రాలేదు, కొత్తబియ్యం, బెల్లమే అక్కడ పండగ.

"అచ్చంగా మన వంట" అని మనమూ అంటాం కదా. మరి ఆ బియ్యం దంచింది ఎవరు? మా అమ్మమ్మల కాలంలో రోకలి పట్టుకుని తడిపిండి కొట్టింది ఊళ్లో కూలికొచ్చిన ఆడవాళ్లు. పొలంలో చెరకు నరికింది, గానుగ దగ్గర రాత్రంతా బెల్లం పెనం కింద మంట పెట్టింది పాలేర్లు. చాలా ఇళ్లలో పాకం పట్టే పొయ్యి దాకా వాళ్లని రానివ్వలేదు. దొడ్లో నిలబడి చేట ఇచ్చి, నాలుగు అరిసెలు కొంగులో వేయించుకుని పోయారు. మాలో ఒకడి నాయనమ్మ అలా పోయిన ఆవిడే. ఆ మాట వాడు చెప్పినప్పుడు మిగిలిన నలుగురం వాడి మొహం వైపు చూడలేకపోయాం. ఇంగ్లీషువాడి జాబితాలో మనుషుల పేర్లు లేవని లెక్క తీశాం సరే, మన అరిసె జాబితాలో ఆవిడ పేరు ఉందా? వంటల పుస్తకాల్లో 'బియ్యం దంచి జల్లించి' అని ఉంటుంది. ఎవరు దంచారో ఉండదు.

అందుకని మేం పోట్లాటకి వెళ్లలేదు. ఈ ఏడాది పుడ్డింగ్ కలిపే రోజున పాకెట్లేవీ పారేయకుండా బల్ల మీద వరసగా పెట్టాం. మా వంటాయన వచ్చి చూసి, ఒక్కోటీ తిప్పి దేశం పేరు చదివాడు. కోరంగి సంగతి చెప్పాం. చాలాసేపు విన్నాడు. తర్వాత తన తాత గురించి చెప్పాడు. ఆయన లివర్‌పూల్ రేవులో పంచదార బస్తాలు మోసేవాడట, వయసు మీద పడేసరికి నడుం వంగిపోయిందట. ఆ తాత పేరు కూడా ఏ పుస్తకంలోనూ లేదు. ఇక్కడి ఆచారం ప్రకారం ఇంట్లో అందరూ ఒక్కోసారి గరిటె తిప్పాలి. ఆయన గరిటె మా చేతికి ఇచ్చాడు. మామూలుగా పనిగా తిప్పే గరిటే, ఆ పూట వంతుగా తిప్పాం.

నాయనమ్మ పేరు వాడు ఒక కాగితం మీద రాసుకుని, సంక్రాంతికి వచ్చే డబ్బా మూత లోపల అంటిస్తానన్నాడు. మీ ఇంట్లో కూడా పిండి దంచిన, బెల్లం వండిన మనిషి ఎవరో ఉండే ఉంటారు. పెద్దవాళ్లు ఉండగానే ఫోన్ చేసి పేరు అడిగి రాసి పెట్టుకోండి. అలాగే మీ వంశంలో ఎవరైనా కోరంగి నుంచో, మద్రాసు నుంచో ఓడెక్కి వెళ్లి తిరిగి రాలేదన్న మాట ఎప్పుడైనా వినుంటే అది కూడా రాయండి. మేం వెతికి పెట్టుకుంటున్నాం.