ఒంటికంటి వైమానికుడు

తెలుగునాట పాతతరం వారికి జపాను విమానం అనగానే 1942 ఏప్రిల్ 6 గుర్తుకొచ్చేది. ఆ రోజు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ర్యూజో అనే విమానవాహక నౌక మీదినుంచి లేచిన విమానాలవి. వాటిని నడిపినవారు ఎలాంటి మనుషులు, బతికి బట్టకట్టినవారు తరువాత ఏం చేశారు అన్న కుతూహలం నన్ను చాలాకాలం వెంటాడింది. వెతుకుతూ పోయి, ఆ దాడితో సంబంధం లేకపోయినా అదే నౌకాదళానికి చెందిన ఒక మనిషి దగ్గర ఆగిపోయాను. పేరు సబురో సకాయ్.

1916 ఆగస్టులో క్యూషూ ద్వీపంలోని సాగా ప్రాంతంలో పుట్టాడు. పూర్వీకులు సమురాయ్‌లు, ఆయన పుట్టేనాటికి మిగిలింది పేద సేద్యం. పదకొండో ఏట తండ్రి పోయాడు. టోక్యోలో మేనమామ చదివించబోతే చదువు అబ్బలేదు. ఊరికి తిరిగొచ్చి, ఆ తలవంపు భరించలేక 1933లో, పదహారో ఏట నౌకాదళంలో చేరాడు. మొదట యుద్ధనౌకల మీద ఫిరంగుల దగ్గర పని. ఆ తరువాత పైలట్ శిక్షణలో తన జట్టుకి ప్రథముడై, చక్రవర్తి పేర ఇచ్చే వెండి గడియారం అందుకున్నాడు. 1938 నుంచి చైనా, 1941 డిసెంబరులో ఫిలిప్పీన్స్, 1942లో న్యూగినీలోని లే స్థావరం.

నడిపినది ప్రసిద్ధమైన జీరో. తేలిక, చురుకు, ఆగకుండా చాలా దూరం ఎగరగల శక్తి దాని బలాలు. ఆ తేలికదనం ఊరికే రాలేదు. పైలట్ వీపును కాచే ఉక్కురేకు లేదు. తూటా తగిలితే తనంత తానే పూడుకునే ఇంధనపు తొట్టి లేదు. లోపల కూర్చున్నవాడి ప్రాణాన్ని లెక్కలోంచి తీసివేసి సాధించిన తేలికదనమది.

1942 ఆగస్టు 7న అమెరికన్లు గ్వాడల్‌కెనాల్ మీద దిగారు. రబౌల్ నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్ల సముద్రం దాటి వెళ్ళిన దళంలో సకాయ్ ఉన్నాడు. మొదట సదర్‌లాండ్ అనే అమెరికన్ పైలట్‌తో సుదీర్ఘంగా పోరాడి అతని వైల్డ్‌క్యాట్‌ను కూల్చాడు. (సదర్‌లాండ్ పారాచూట్‌తో దిగి, ద్వీపవాసుల సాయంతో ప్రాణాలు దక్కించుకున్నాడు. ఆ విమాన శకలాలు 1998లో అడవిలో దొరికాయి.) కాసేపటికి మరికొన్ని విమానాలు కనబడితే అవీ ఫైటర్లే అనుకుని వెనకనుంచి దగ్గరగా వెళ్ళాడు. తీరా చూస్తే అవి డాంట్‌లెస్ బాంబర్లు. వాటికి వెనకవైపు తిరిగి కూర్చునే తుపాకీదారులుంటారు.

తూటా తలను తాకింది. కుడికన్ను పోయింది. ఎడమ కాలూ చేయీ చచ్చుబడ్డాయి. సముద్రంలోకి జారుతున్న విమానాన్ని ఎలాగో నిలదీసి, నెత్తురు కారుతూ, స్పృహ వస్తూ పోతూ ఉండగా 4 గంటల 47 నిమిషాలు ఎగిరి రబౌల్‌లో దించాడు. వైద్యుడి దగ్గరికి పోయేముందు పై అధికారికి నివేదిక ఇస్తానని పట్టుబట్టాడట. ఈ ఘట్టాన్ని ఎవరు చెప్పినా వీరగాథగానే చెబుతారు. ఒక విమానాన్ని మరో విమానం అనుకోవడం వల్ల వచ్చిన ప్రమాదమిదని సకాయ్ మాత్రం దాచకుండా చెప్పుకున్నాడు. నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే.

కుడికంటికి చూపు తిరిగి రాలేదు. కొన్నాళ్ళు కుర్రవాళ్ళకు ఎగరడం నేర్పాడు. 1944 నాటికి జపానుకు పైలట్ల కరువు ఎంత ముదిరిందంటే, ఆ ఒంటికంటివాణ్ణే ఇవో జిమా యుద్ధానికి పంపారు. అక్కడ 15 హెల్‌క్యాట్‌ల మధ్య చిక్కి, ఒక్క తూటా తగలకుండా బయటపడ్డానని రాసుకున్నాడు. 1945 ఆగస్టు 15న చక్రవర్తి లొంగుబాటు ప్రకటన వెలువడ్డాక కూడా, ఫోటోలకోసం వచ్చిన అమెరికన్ బీ-32ల మీదికి లేచినవారిలో ఇతడూ ఉన్నాడు. ఆయనను సాధువుగా చిత్రించేవారు ఈ సంగతి దాటవేయడం నాకు నచ్చదు.

ఆ తరువాత మరో 55 ఏళ్ళు బతికాడు. పేదరికం, మొదటి భార్య మరణం. 1950లలో అచ్చు పని దుకాణం పెట్టి, పాత సహచరులకూ చనిపోయినవారి కుటుంబాలకూ పని చూపించాడు. బౌద్ధం వైపు తిరిగి, ఇక దోమను కూడా చంపనని వ్రతం పట్టాడు. కూతుర్ని అమెరికాలో చదివించాడు. ఆమె అమెరికన్‌నే పెళ్ళాడింది.

1957లో మార్టిన్ కైడిన్ 'సమురాయ్!' పేరుతో ఈ కథను ఇంగ్లీషు పాఠకులకు అందించాడు. 64 విమానాలు కూల్చాడన్న లెక్క లోకమంతా పాకింది ఆ పుస్తకం వల్లే. తరువాతి పరిశోధకులు ఇరుపక్షాల రికార్డులు పోల్చిచూసి, అసలు సంఖ్య అంతకన్నా బాగా తక్కువని తేల్చారు. ఇందులో ఆశ్చర్యం లేదు. గాలిలో క్షణాల్లో జరిగే పోరులో పొగ కక్కుతూ పోయిన విమానం ప్రతిదీ కూలినట్టే కనబడుతుంది. అన్ని దేశాల పైలట్లూ ఇలా ఎక్కువ చెప్పినవారే. ఆయన ఘనతను సంఖ్యతో కొలవడం ఎందుకో నాకర్థం కాదు. సహచర పైలట్‌ను ఎన్నడూ పోగొట్టుకోలేదన్నదే తన గర్వమని ఆయనే చెప్పుకున్నాడు.

1980లలో అమెరికాలో హెరాల్డ్ జోన్స్‌ను కలిశాడు. ఆనాడు డాంట్‌లెస్‌లలో వెనక కూర్చున్న తుపాకీదారుల్లో ఒకడతను. సకాయ్ కన్ను తీసిన తూటాలు తనవేనని నమ్మినవాడు. ఇద్దరు ముసలివాళ్ళు చేతులు కలుపుకున్నారు. విదేశాల్లో ఇలా మిత్రులను సంపాదించుకున్న మనిషి స్వదేశంలో కొందరికి కంటగింపయ్యాడు. యుద్ధానికి ఆజ్ఞలిచ్చిన పెద్దలు, చక్రవర్తితో సహా, బాధ్యత ఎందుకు వహించరని బాహాటంగా అడగడమే అందుకు కారణం. పదహారేళ్ళ వయసునుంచి ఆజ్ఞలు పాటించినవాడికి ఆ ప్రశ్న వేసే హక్కు లేదని ఎవరనగలరు?

2000లో ఒక కంప్యూటర్ ఆటకోసం జీరో గురించి సలహాలిచ్చాడు. అదే ఏడాది సెప్టెంబరు 22న అట్సుగిలోని అమెరికన్ నౌకాదళ స్థావరంలో విందుకు వెళ్ళాడు. విందులోనే అస్వస్థుడై, ఆ రాత్రే గుండెపోటుతో కన్నుమూశాడు. వయసు 84.