చట్టానికి తోడు చేయూత

ఉప్పాడ అనగానే మనకు జాందానీ చీరలు, చేపల పడవలు, ఊరిని కోసుకుపోతున్న సముద్రం గుర్తుకు వస్తాయి. నేతకూ, వేటకూ వెనుక ఆడవారి శ్రమ ఎంతో ఉంది. తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకొని అమ్మకానికి వెళితే చంటిపిల్లను ఎత్తుకొనేది పెద్దకూతురే. మగ్గం ఉన్న ఇంట కండెలు చుట్టడానికి కూర్చునేదీ ఆమే. ఇటువంటి ఇళ్లలో ఆడపిల్ల బడి మానడానికి పనిభారం ఒక ముఖ్య కారణం. బడి మానిన పిల్లకు పెళ్లి తొందర మొదలవుతుంది. ఈ పిల్లకు రక్షణ దేనివల్ల కలుగుతుందో మన గోదావరి సీమ చరిత్రే చెబుతుంది.

1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్ల పెళ్లికి కనీస వయస్సు 14 ఏళ్లుగా నిర్ణయించిన ఈ చట్టం 1930 ఏప్రిల్ 1 నుండి అమలయింది. కాకినాడకు దక్షిణాన ఉన్న యానాం అప్పట్లో ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. అక్కడ ఈ చట్టం చెల్లదు. దానితో మనవారు అనేకులు పిల్లలను యానాం తీసుకువెళ్లి పెళ్లిళ్లు జరిపించారు. ఆ ఊరికి కల్యాణపురమనే పేరు కూడా వచ్చింది. మనసు మారనిదే చట్టానికి దొడ్డిదారి దొరుకుతుందని ఈ ఉదంతం చాటుతుంది.

రెండవ దారి చూపినవారు శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో జన్మించిన ఆమెకు 8వ ఏటనే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆమె ఆ బంధం నుండి బయటకు వచ్చారు. చిన్న వయస్సులోనే కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడిపారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. మరుసటి ఏడు మండలి గ్రామాలలో సంక్షేమ విస్తరణ పథకాలు ప్రారంభించింది. బాలవాడి, బాలింతల సంరక్షణ, స్త్రీలకు చదువు, చేతిపనులు అన్నీ అందులో ఉన్నాయి. సేవ గ్రామస్త్రీ గుమ్మంలోకి రావాలన్నది దాని సారం.

1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకులలో ప్రయోగాత్మకంగా మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఈ బాటనే విస్తరించింది. అదే మన అంగన్‌వాడీ. గర్భిణికీ, బాలింతకూ పోషకాహారం, పిల్లలకు టీకాలు, ఆటపాటలతో చదువు అక్కడ అందుతాయి. పైకి కనపడని మేలు మరొకటి ఉంది. తమ్ముణ్ణి అంగన్‌వాడీలో కూర్చోబెడితే అక్క బడికి వెళ్లగలుగుతుంది. ఒక్క గది ఇటు తల్లికీ, అటు ఇద్దరు బిడ్డలకూ అండ అవుతుంది.

పెళ్లి వయస్సును 1978లో 18 ఏళ్లకు పెంచారు. 2006లో మరింత గట్టి చట్టం చేశారు. అయినా బాల్యవివాహాలు పూర్తిగా ఆగిపోలేదు.

మన సభ్యులలో ఉపాధ్యాయులుగా, ఆరోగ్య సిబ్బందిగా, గ్రామ ఉద్యోగులుగా పనిచేసినవారు ఎందరో ఉన్నారు. ఊరిలో పెద్దల మాటకు నేటికీ విలువ ఉంది. మీ ఊరి అంగన్‌వాడీకి నెలకొకసారి వెళ్లి రండి. బడి మానిన ఆడపిల్ల ఉంటే తల్లిదండ్రులతో మాట్లాడండి. పెళ్లి తలపెట్టారని తెలిస్తే 1098కి ఫోను చేయండి. మనం ఉద్యోగం నుండి విరమించాం గాని, ఈ బాధ్యత నుండి కాదు.