సోమిద: మన మాట, ప్రపంచం పేరు

సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు అడిగారు. డి.ఏ. బకాయిల గురించి వ్రాసేవారు చాలామంది ఉన్నారు గనుక నేను చెట్ల చరిత్ర ఎత్తుకున్నాను.

హనుమంతునిపాడు వైపు వారికి విహారమంటే పూలమడుల పార్కు కాదు. చెరువుకట్ట, పొలంగట్లు, పడమట వెలిగొండలు, వాటికావల నల్లమల. ఉదయం నడకకు పోయినవారికి ముందుగా కనబడేది సర్కారు తుమ్మ. అది అమెరికా ఖండాల మొక్క. 19వ శతాబ్దిలో మన దేశానికి వచ్చింది. నాగజెముడూ అటునుంచి వచ్చినదే. అది పొలాలను ఆక్రమిస్తుంటే 1926లో సింహళం నుంచి ఒక పురుగును తెప్పించి వదిలారు. మద్రాసు రాజధానిలో చాలాచోట్ల ఆ పురుగే దానిని తినివేసింది. సర్కారు తుమ్మకు అటువంటి మొగుడు ఇంకా దొరకలేదు!

ఇక మన చెట్టు సంగతి. సామర్లకోటలో కంపెనీ తోటను చూచిన విలియం రాక్స్‌బర్గ్ దొర, కోరమండల్ తీరపు మొక్కల మీద 1795లో ప్రారంభించిన గ్రంథంలో సోమిద చెట్టును బొమ్మతో సహా ప్రకటించాడు. జ్వరానికి సింకోనా బెరడు దూరదేశం నుంచి రావలసిన కాలమది. దానికి బదులు సోమిద బెరడు పనికివస్తుందని ఆయన ఆశ. తరువాత 1830లో జుస్యూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ చెట్టును వేరే ప్రజాతిగా విడదీసి, తెలుగు మాటనే తీసుకొని ‘సోయ్మిడా’ అని పెట్టాడు. నేటికీ ప్రపంచమంతటా శాస్త్రనామం అదే. ఆ మాట రాక్స్‌బర్గ్‌కు చెప్పిన పల్లెటూరి మనిషి పేరు మాత్రం ఏ పుస్తకానికీ ఎక్కలేదు. నాకు ఇది న్యాయంగా తోచదు.

1915లో లషింగ్టన్ అనే అటవీ అధికారి రాజధానిలోని చెట్లకు దేశభాషల పేర్ల జాబితా అచ్చువేయించాడు. నల్లమల మొక్కల గురించి ఎల్లిస్ గారు వ్రాసిన గ్రంథమూ ఉన్నది. ఓపిక గలవారు గుండ్ల బ్రహ్మేశ్వరం వైపు వెళ్లదలిస్తే, అది 1990 నుంచి అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి తీసుకొని వెళ్లాలి, ఆకు కూడా తుంచరాదు.

నేనెరిగిన గొర్రెల కాపరి ఒకాయన బలుసు, పరికి, రేల, చిరుమాను అంటూ దూరం నుంచే గుర్తుపట్టి చెబుతాడు. ఆయన కొడుకు హైదరాబాదులో ఆటో నడుపుతున్నాడు. కాపరి చెప్పిన పేర్లు నోటుబుక్కులో ఎక్కిస్తున్నాను, ఇప్పటికి నలభై దాటాయి. ప్రతి పేరు ప్రక్కన చెప్పినవారి పేరు కూడా వ్రాస్తున్నాను. సభ్యులు తమ ఊళ్ల పేర్లు కార్డు మీద వ్రాసి పంపినా చేర్చుకుంటాను.