మ్యూజియంలో మన వాడ ఎక్కడ?

యూనివర్సిటీలో చేరిన కొత్తలో, ఊరినుంచి వచ్చిన అమ్మను నగరంలోని ఒక మ్యూజియానికి తీసుకెళ్లాం. కత్తులు, వెండి పళ్లేలు, పట్టు అంగీలు అన్నీ చూసింది. పల్లకి దగ్గర ఆగి, "ఆ చీటీ మీద ఏం రాశారో చదవరా" అంది. చదివాం. "ఎక్కినాయన పేరుంది. మరి మోసినోళ్ల పేర్లేయిరా?" అని అడిగింది.

ఆరోజు మా దగ్గర జవాబు లేదు. మ్యూజియాల చరిత్ర చదవడం మొదలుపెట్టాక తెలిసింది, అమ్మ అడిగింది ఒక్క పల్లకి సంగతి కాదని. మ్యూజియంలో ఎవరు వస్తువవుతారు, ఎవరు చూస్తారు, ఎవరు చెప్తారు? ఈ ప్రశ్నకు దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం ఒకటికొకటి పొసగని రెండు జవాబులిచ్చింది.

మొదటిది 1825లో పుట్టిన సౌత్ ఆఫ్రికన్ మ్యూజియం. అక్కడ పనిచేసిన జేమ్స్ డ్రూరీ 1907 నుంచి సాన్, ఖోయ్ ప్రజల ఒంటిమీద, బతికుండగానే, ప్లాస్టర్ పోసి అచ్చులు తీశాడు. ఆ బొమ్మలతో తర్వాత ఒక 'బుష్‌మన్' దృశ్యం అమర్చారు. ఎక్కడ? జంతువులు, శిలాజాలు ఉన్న మ్యూజియంలో! తెల్లవాళ్ల చరిత్రకేమో 1960లలో వేరే మ్యూజియం కట్టబెట్టారు. బడిపిల్లలు, కుటుంబాలు తరాల తరబడి వచ్చి ఆ బొమ్మల్ని చూసిపోయారు. 2001లో గానీ ఆ దృశ్యాన్ని మూయలేదు. ఒక జాతిని చరిత్రలోంచి తీసి ప్రకృతిలో పడేయడానికి పెద్ద పుస్తకాలు రాయక్కర్లేదు, సెలవురోజు వినోదం చాలు.

రెండోది డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం. బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ల సంతతి, చేతిపనివాళ్లు, కూలీలు, వలసవచ్చినవాళ్లు కలిసి బతికిన పేట అది. 1966 ఫిబ్రవరి 11న ప్రభుత్వం దాన్ని తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించింది. 1980ల మొదటికల్లా 60,000 మందికి పైగా ప్రజలను ఊరి బయటి ఇసుకనేలల్లోకి తోలి, ఇళ్లను బుల్డోజర్లతో కూల్చింది. నూర్ ఇబ్రహీం అనే నివాసి తన పావురాల కథ చెప్పాడు. కొత్తచోట కొన్ని నెలలుంచి వదిలితే అవి గూటికి రాలేదట. మర్నాడు చూస్తే, కూల్చిన పాత ఇంటి ఖాళీ స్థలంలో వాలి ఉన్నాయట.

అలాంటి మనుషులే 1994 డిసెంబరులో ఒక పాత చర్చిలో మ్యూజియం తెరిచారు. నేలమీద పేట పటం పరిచారు. వచ్చినవాళ్లు వంగి, తమ ఇల్లు ఎక్కడుండేదో వెతికి, పేరు రాశారు. కూల్చివేత పని చూసిన ఒక మేస్త్రీ దాచిపెట్టిన వీధుల పేరుపలకలు పైన వేలాడదీశారు. గుడ్డ పరిచి జ్ఞాపకాలు రాయమన్నారు. ఆ రాతలమీద తర్వాత దారంతో కుట్టారు. కొన్ని వారాల కోసం పెట్టిన ప్రదర్శన, జనం రాక ఆగకపోవడంతో ఏళ్లతరబడి నిలిచింది. ఇబ్రహీం లాంటి పాత నివాసులే దారి చూపి చెప్పేవాళ్లయ్యారు. ఏటా ఫిబ్రవరి 11న నడిచివెళ్లి రాళ్లకుప్పమీద రాయి పెడతారు. అంటే మ్యూజియం కార్యక్రమాలన్నీ సాక్ష్యం కూడబెట్టే పనులే. భూమి తిరిగిమ్మనే పోరాటానికి ఆ జ్ఞాపకాలు ఊతమయ్యాయి. 2004 ఫిబ్రవరి 11న మొదటి ఇద్దరు వృద్ధులకు నెల్సన్ మండేలా ఇంటి తాళాలు అందించాడు.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. 1901లోనే, ప్లేగు సాకుతో, అదే పేటనుంచి నల్లజాతి ఆఫ్రికన్లను వెళ్లగొట్టారు. 1966 గుర్తున్నంతగా 1901 గుర్తులేదు. అణగారినవాళ్ల జ్ఞాపకంలోనూ వెనక్కి నెట్టబడినవాళ్లుంటారు. రేపు మన చరిత్ర మనం రాసుకునేటప్పుడు రెల్లి, డక్కలి, చిందు వాళ్లెక్కడ? మన అమ్మలెక్కడ? అని ముందే అడగాలి.

కేప్‌టౌనూ మన ఊరూ ఒకటి కాదు. వాళ్లను వెళ్లగొట్టడానికి చట్టం, బుల్డోజరు కావలసివచ్చింది. మనకు ఊరు పుట్టినప్పుడే వాడ వెలుపల పడింది. అయినా స్థలాన్ని సాక్ష్యంగా నిలబెట్టడం మనకు కొత్తకాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో అగ్రకులాలవాళ్లు చంపిన దళితులను ఊళ్లోనే పాతిపెట్టి, ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరుపెట్టారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. రక్తక్షేత్రాన్ని మాత్రం ఏ కోర్టూ కొట్టేయలేదు. అద్దాల పెట్టెలు లేకపోయినా అది మన మ్యూజియమే.

1977 నుంచి ఏటా మే 18ని ప్రపంచమంతా మ్యూజియం దినంగా జరుపుతోంది. ఆరోజు పిల్లల్ని రాజుల కత్తుల దగ్గరికి తీసుకెళ్తే తీసుకెళ్దాం. దాంతోపాటు వాడలో ఒక తెల్లగుడ్డ పరుద్దాం. తోలు పదునుపెట్టిన తాతను, నాట్లేసిన అమ్మమ్మను, దప్పు కొట్టిన బాబాయిని కూచోబెట్టి చెప్పించి, చదువుకున్న పిల్లలచేత పేర్లతో సహా రాయిద్దాం. రాయనివాళ్ల పేర్లు ఎవరో వచ్చి రాయరు.

మా అమ్మ ప్రశ్నకు పూర్తి జవాబు ఇంకా దొరకలేదు. ఆ గుడ్డమీద మొదటి పేరు మాత్రం ఆమెదే రాస్తాం.