కోడి దాణాలో మట్టి ఎందుకు?

ఉద్దనపల్లి చుట్టుపక్కల కోళ్లు పెంచే మీలో కొందరు దాణాలో మట్టిపొడి కలపడం చూసే ఉంటారు. "కోడికి మట్టి పెట్టడమేమిటి?" అని అడిగినవారూ ఉంటారు. దీనివెనుక ఒక చరిత్ర ఉంది, వినండి.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు అంతుబట్టని జబ్బుతో చనిపోయాయి. ఆరా తీస్తే, బ్రెజిల్ నుంచి తెప్పించిన వేరుసెనగ పిండికి పట్టిన బూజే కారణమని తేలింది. ఆ బూజు విడిచే విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దాణాను ఎండబెట్టినా, ఉడకబెట్టినా పూర్తిగా పోదు. 1982లో మన పొరుగున ఉన్న చిత్తూరు జిల్లాలోనూ ఈ విషం కోడిపిల్లలను పొట్టనబెట్టుకుంది.

1980ల చివర అమెరికాలోని టెక్సస్ శాస్త్రజ్ఞులు ఒక రకం శుద్ధి చేసిన బంకమట్టిని టన్ను దాణాకు 5 కిలోల చొప్పున కలిపి చూశారు. విషం ఆ మట్టి పొరల్లో చిక్కుకుంది. రక్తంలో కలవకుండా రెట్టతోపాటు బయటికి పోయింది. కోళ్లకు నష్టం బాగా తగ్గింది.

అలాగని చెరువుమట్టి తెచ్చి కలపకండి. శుద్ధి చేసిన మట్టి కూడా మిగతా బూజు విషాలను అంతగా పట్టలేదు. కాబట్టి గింజలు బాగా ఆరనివ్వండి. మూటలను గోడకు ఎడంగా, చెక్కలమీద పేర్చండి. బూజు పట్టినదాన్ని కోళ్లకు వెయ్యకండి. మట్టి తోడుగా మాత్రమే ఉంటుంది, కాపలా మనదే.