హాల్లోకి పెద్ద టీవీ: కొనే ముందు చూడాల్సినవి, బిగించాక సరిచేయాల్సినవి, మొరాయిస్తే చేయాల్సినవి

షోరూంలో కళ్లు జిగేల్‌మనిపించిన టీవీ ఇంటికొచ్చాక వెలవెలబోతుంది. ముఖాలు నీలంగా కనిపిస్తాయి, సినిమా చూస్తుంటే సీరియల్ చూసినట్టుంటుంది, మాటలు గుసగుసల్లా వినిపిస్తాయి. చాలా ఇళ్లలో ఇదే ఫిర్యాదు. ఎక్కువసార్లు తప్పు టీవీది కాదు. గది కొలవకుండా కొనడం, కంపెనీ పెట్టి పంపిన సెట్టింగ్‌ల మీదే వదిలేయడం, చిన్న లోపానికే మెకానిక్‌ని పిలవడం వల్ల డబ్బు వృథా అవుతోంది. నెలల తరబడి దాచుకున్న సొమ్ముతో కొనే వస్తువు కాబట్టి కొన్ని విషయాలు ముందే తెలిసుంటే మంచిది.

ముందు గది కొలత, తర్వాత టీవీ సైజు

టీవీ సైజు అంటే తెర ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఐమూలగా కొలిచిన కొలత. 43 అంగుళాల తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు, 55 అంగుళాలది 122, 65 అంగుళాలది 144. షోకేస్‌లో లేదా గోడ మీద ఈ వెడల్పు పడుతుందో లేదో టేపుతో కొలుచుకోవాలి.

ఎంత దూరంలో కూర్చోవాలి? సినిమా హాల్ లాంటి అనుభూతి కావాలంటే తెర సైజుకు 1.2 నుంచి 1.6 రెట్ల దూరం సరిపోతుంది. 55 అంగుళాలకు ఐదున్నర నుంచి ఏడున్నర అడుగులు, 65 అంగుళాలకు ఆరున్నర నుంచి తొమ్మిది అడుగుల లోపు. వార్తలు, క్రికెట్ మాత్రమే చూసే ఇంట్లో ఇంకాస్త దూరమున్నా ఇబ్బంది లేదు. తొమ్మిది, పది అడుగుల హాల్లో 43 అంగుళాల 4కే టీవీ పెడితే దాని స్పష్టత కళ్లకు అందదు. ఆ డబ్బుకు తగ్గ ఫలితం కనిపించదు.

ఎత్తు కూడా ముఖ్యమే. కూర్చున్నప్పుడు కంటి ఎత్తుకు తెర మధ్యభాగం దగ్గరగా ఉండాలి. జంఖానా పరిచి కింద కూర్చుని చూసే అలవాటున్న ఇంట్లో బిగించేవాళ్లు ఐదున్నర అడుగుల ఎత్తున పెట్టేసి పోతే మెడ నొప్పి తప్పదు. పైగా కొన్ని రకాల తెరలు కింది నుంచి చూస్తే పాలిపోయినట్టు కనిపిస్తాయి.

తెర రకాలు: పేర్ల గందరగోళం

మార్కెట్లో పేర్లు పది ఉన్నా అసలు రకాలు రెండే. ఒకటి వెనక నుంచి లైటు పడే ఎల్‌సీడీ. ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ అన్నీ ఈ కుటుంబానివే. రెండోది ఓఎల్‌ఈడీ. ఇందులో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, అవసరం లేనప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. అందుకే నలుపు నిజమైన నలుపుగా కనిపిస్తుంది.

ఎల్‌సీడీలోనూ రెండు రకాల ప్యానెళ్లున్నాయి. వీఏ ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది కానీ ఎదురుగా కూర్చుని చూడాలి. ఐపీఎస్ ప్యానెల్ పక్క నుంచి చూసినా రంగు మారదు, కాకపోతే చీకటి దృశ్యాల్లో నలుపు బూడిద రంగులోకి దిగుతుంది. హాలుకు మూడు వైపులా దీవాన్లు వేసుకుని ఇంటిల్లిపాదీ కూర్చునే చోట ఐపీఎస్ లేదా ఓఎల్‌ఈడీ నయం. కిటికీ వెలుతురు ఎక్కువగా పడే హాల్లో మినీ ఎల్‌ఈడీ పనికొస్తుంది.

ఓఎల్‌ఈడీతో ఒక జాగ్రత్త ఉంది. రోజంతా న్యూస్ ఛానల్, లేదా మక్కా మస్జిదె హరామ్ లైవ్ ఒకే ఛానల్లో నడిచే ఇళ్లలో మూలన కదలకుండా ఉండే లోగో గుర్తు తెర మీద శాశ్వతంగా పడిపోయే ప్రమాదముంది. అలాంటి వాడకానికి ఎల్‌సీడీ రకమే క్షేమం.

పెట్టె మీద రాసిన ప్రతి మాటా నమ్మడానికి లేదు. హెచ్‌డీఆర్ అని రాసి ఉంటే ఆ సిగ్నల్ తీసుకుంటుందని మాత్రమే అర్థం. తెర వెలుగు 300 నిట్స్ దాకానే ఉంటే ఆ తేడా పెద్దగా కనిపించదు. మోషన్ రేట్ 240 లాంటి అంకెలు కూడా ప్రచారానికే. అసలు ప్యానెల్ 60 హెర్ట్జా, 120 హెర్ట్జా అని అడగాలి. 120 అవసరం ముఖ్యంగా గేమ్‌లు ఆడేవాళ్లకు. తక్కువ ధర స్మార్ట్ టీవీ కొంటుంటే నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్‌లకు అధికారిక గుర్తింపు ఉందో లేదో చూడాలి. వైడ్‌వైన్ ఎల్1 లేని టీవీలో ఇలాంటి యాప్‌లు మసక బొమ్మే చూపిస్తాయి.

ధర, ఈఎంఐ, గల్ఫ్ నుంచి తెచ్చే టీవీ

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. దుకాణదారు చెప్పే డిస్కౌంట్ పాత ఎంఆర్‌పీ మీద లెక్కగట్టిందా, కొత్త ధర మీదా అని చూసుకోవాలి.

వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు నో కాస్ట్ ఈఎంఐ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. ఇందులో సాధారణంగా బ్యాంకు వడ్డీ వసూలు చేస్తూనే ఉంటుంది. ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే ధరలో తగ్గిస్తారు. ఉదాహరణకు వడ్డీ 3,000 రూపాయలైతే డిస్కౌంట్ 3,000 ఇస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 540 రూపాయలు, కొన్నవారి మీదే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. కార్డు స్టేట్‌మెంట్‌లో వడ్డీ అని స్పష్టంగా కనిపిస్తుంది. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. నగదు లేదా డెబిట్ కార్డుతో కొనేవాళ్లు అదే డిస్కౌంట్ తమకూ ఇమ్మని అడగవచ్చు. గత ఏడాది మోడల్ తీసుకున్నా, వేలం లేకుండా వంతుల వారీగా నడిచే ఇంటి చిట్టీ డబ్బుతో కొన్నా ఆ భారం ఉండదు.

దుబాయ్, జెద్దా నుంచి వచ్చేటప్పుడు టీవీ తెచ్చే ఆనవాయితీ పాతదే. అయితే 2013 ఆగస్టులో ఫ్లాట్ టీవీలను కస్టమ్స్ ఉచిత పరిమితి నుంచి తీసేశారు. విమానాశ్రయంలో డ్యూటీ, విమాన ఛార్జీ కలిపి చూస్తే ఇక్కడి ధరకు దగ్గరగా రావచ్చు. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది. దారిలో తెర పగిలితే ఆ నష్టమంతా తెచ్చినవారిదే.

బిగించేటప్పుడు

టీవీ వెనక నాలుగు స్క్రూ రంధ్రాల మధ్య దూరాన్ని వెసా కొలత అంటారు. 200కి 200, 400కి 400 మిల్లీమీటర్లు ఇలా ఉంటుంది. స్టాండు ఆ కొలతకూ, టీవీ బరువుకూ సరిపోవాలి. బల్ల మీద పెడితే పిల్లలు లాగినా మీద పడకుండా వెనక నుంచి గోడకు పట్టీతో కట్టాలి. ఇది చిన్న పని, కానీ ప్రాణాలకు సంబంధించింది.

టీవీ అంచు లేదా సెట్‌టాప్ బాక్స్ వైరు తాకితే సన్నగా షాక్ కొడుతుంటే ఎర్తింగ్ లేదని అనుమానించి ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి. సర్జ్ రక్షణ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడాలి. ఉరుములు, మెరుపులు మొదలవకముందే ప్లగ్గుతో పాటు డిష్ వైరు, ఇంటర్నెట్ వైరు కూడా తీసేయాలి. పిడుగు ప్రభావం ఆ వైర్ల గుండానూ వస్తుంది.

బొమ్మ సరిచేసే పద్ధతి

షోరూంలో ట్యూబ్‌లైట్ల మధ్య మిగతా టీవీలను మించి మెరవడానికి వివిడ్ లేదా డైనమిక్ మోడ్ పెడతారు. ఇంట్లో అది కళ్లకు శ్రమ. సరిచేయడం ఈ వరుసలో చేయాలి.

1. పిక్చర్ మోడ్‌ను సినిమా, మూవీ లేదా ఫిల్మ్‌మేకర్‌కు మార్చాలి. మొదటి రెండు రోజులు బొమ్మ పచ్చగా, డల్‌గా అనిపిస్తుంది. నీలానికి అలవాటు పడ్డ కన్ను సర్దుకోవడానికి ఆ సమయం పడుతుంది.

2. కలర్ టెంపరేచర్ వార్మ్‌లో ఉంచాలి. సినిమాలు, కార్యక్రమాలు 6500 కెల్విన్ తెలుపును ఆధారంగా చేసుకుని తయారవుతాయి. దానికి దగ్గరగా ఉండేది ఎక్కువ టీవీల్లో ఈ సెట్టింగే.

3. ఎనర్జీ సేవింగ్, వెలుతురు సెన్సార్ ఆపేశాకే మిగతావి మార్చాలి. లేకపోతే వెలుగు తనంతట తానే మారిపోతుంటుంది.

4. బ్యాక్‌లైట్‌ను గది వెలుతురును బట్టి పెట్టాలి. పగటికొకటి, రాత్రికొకటి రెండు మోడ్‌లు సేవ్ చేసుకోవడం మేలు.

5. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ అనేది నిజానికి నలుపు స్థాయి. వీడియోలో నలుపు 16, తెలుపు 235గా లెక్కిస్తారు. ఏవీఎస్ హెచ్‌డీ 709 అనే ఉచిత ప్యాటర్న్‌లను పెన్‌డ్రైవ్‌లో వేసి చూస్తే 16వ గీత కనిపించకుండా, 17వ గీత లీలగా కనిపించాలి. ప్యాటర్న్ లేకపోతే చీకటి సీను పెట్టి నల్ల జుట్టు, నల్ల బురఖా మడతలు కనిపించే దాకా మాత్రమే పెంచాలి.

6. కాంట్రాస్ట్‌ను తెల్ల చొక్కా బొత్తాలు, మడతలు మాయం కాకుండా ఉండేంత వరకే పెంచాలి.

7. షార్ప్‌నెస్ బాగా తగ్గించాలి. ఎక్కువగా ఉంటే అక్షరాల చుట్టూ తెల్లటి అంచు వస్తుంది. అది స్పష్టత కాదు.

8. మోషన్ స్మూతింగ్ ఆపాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో ఉంటుంది. టీవీ మధ్యలో కల్పించి చేర్చే ఫ్రేముల వల్లే అది సీరియల్‌లా కనిపిస్తుంది. క్రికెట్‌కు కావాలంటే తక్కువ స్థాయిలో పెట్టుకోవచ్చు.

ఈ మార్పులు ఒక్కో ఇన్‌పుట్‌కు విడివిడిగా ఉంటాయి. సెట్‌టాప్ బాక్స్‌కు చేసినవి యాప్‌లకు వర్తించకపోవచ్చు.

మాటలు వినపడకపోతే

పలచటి టీవీల స్పీకర్లు కిందికో, వెనక్కో చూస్తుంటాయి. గట్టి నేల, ఖాళీ గోడలున్న గదిలో మాట చెదిరిపోతుంది. ముందు సౌండ్ మోడ్‌ను స్టాండర్డ్ లేదా క్లియర్ వాయిస్‌కు మార్చి చూడాలి. దాదీకి వినపడేలా పెంచితే పాటల్లో చెవులు పగిలే ఇంట్లో నైట్ మోడ్ ఉపయోగపడుతుంది. అది పెద్ద శబ్దాన్ని తగ్గించి చిన్న శబ్దాన్ని పెంచుతుంది. సౌండ్‌బార్ కొంటే సెంటర్ స్పీకర్ ఉన్నది ఎంచుకోవాలి, మాటలు దాన్నుంచే వస్తాయి. దాన్ని టీవీలో ఏఆర్‌సీ లేదా ఈఆర్క్ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టుకే కలపాలి.

మొరాయించినప్పుడు

బొమ్మ లేదు, శబ్దం ఉంది: గది చీకటి చేసి తెర మీదికి టార్చి వేయాలి. లీలగా బొమ్మ కనిపిస్తే పోయింది బ్యాక్‌లైట్. అది బాగు చేయగలిగేదే. ప్యానెల్ మార్చాలని ఎవరైనా అంటే మరొకరికి చూపించాలి.

నిలువు గీతలు: ప్రతి ఛానల్లో, మెనూ మీద కూడా కనిపిస్తే లోపం ప్యానెల్‌ది లేదా దాని కనెక్షన్‌ది. ఒక్క ఇన్‌పుట్‌లోనే ఉంటే లోపం బాక్సుది లేదా కేబుల్‌ది. వారంటీ అయిపోయాక ప్యానెల్ మార్పు ఖర్చు కొత్త టీవీ ధరకు దగ్గరవుతుంది.

నో సిగ్నల్, మధ్యమధ్యలో నల్లబడటం: రెండు పరికరాల ప్లగ్గులూ తీసి ఒక నిమిషం ఆగాలి. తర్వాత పోర్టు, ఆపై కేబుల్ మార్చాలి. 4కేకు పొడవాటి చవక కేబుల్ తరచూ మోసం చేస్తుంది.

బొమ్మ మసక: సెట్‌టాప్ బాక్స్ సెట్టింగ్‌లో రిజల్యూషన్ 1080కి పెట్టి ఉందా చూడాలి. ఎస్‌డీ ఛానల్ పెద్ద తెర మీద ఎలాగూ మసకే.

అంచులు కోసుకుపోవడం: పిక్చర్ సైజులో స్క్రీన్ ఫిట్ లేదా జస్ట్ స్కాన్ ఎంచుకోవాలి.

పెదాలకు, మాటకు పొంతన లేదు: సౌండ్ మెనూలో ఆడియో డిలే లేదా లిప్ సింక్ కొద్దికొద్దిగా మార్చాలి.

వీడియో ఆగిపోవడం: నెట్‌ఫ్లిక్స్ 4కేకు కనీసం 15 ఎంబీపీఎస్ వేగం ఉండాలంటుంది. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాలి, వీలైతే వైరే కలపాలి.

రిమోట్ పనిచేయదు: ఫోన్ ముందు కెమెరా ఎదుట బటన్ నొక్కితే లైటు కనిపించాలి. కనిపించకపోతే ముందు బ్యాటరీ మార్చి చూడాలి. బ్లూటూత్ రిమోట్‌కు ఈ పరీక్ష వర్తించదు.

తెరను పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవాలి. అద్దాలు తుడిచే స్ప్రే పూతను పాడుచేస్తుంది.

బిల్లు, సీరియల్ నంబరు, బిగించిన తేదీ ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచాలి. తెచ్చిన రోజే మొత్తం తెల్లగా, మొత్తం నల్లగా ఉన్న బొమ్మలు పెట్టి మచ్చలు, చచ్చిన చుక్కలు వెతకాలి. వారంటీలో ఉన్నా సర్వీస్ నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. సరిచేసుకున్న సెట్టింగ్‌ల పేజీలను కూడా ఫొటో తీసుకోవాలి. సర్వీసువాళ్లు రీసెట్ చేసి వెళితే మళ్లీ పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.